అరిగిన చోటు ఎవరిది?

పాత యంత్రాలు కొని బాగుచేసుకునే వాళ్ళ భాషలో ‘ప్రాజెక్టు’ అనే మాటకి ప్రత్యేకమైన అర్థం ఉంది. పనిచేయనిది, కొన్ని భాగాలు పోయినది, తుప్పు పట్టినది, అందువల్ల చవగ్గా దొరికేది. తిరుగుతున్న యంత్రాన్ని ఎవరూ ప్రాజెక్టు అనరు. యూనివర్సిటీలో మనకి ఈ మాట ఇంకోలా పరిచయం. అక్కడ ప్రాజెక్టు అంటే మంజూరైన డబ్బు, రాయాల్సిన రిపోర్టు. రెండింటికీ పోలిక లేకపోలేదు. ఎవరో వాడి వదిలేసినదాని దగ్గరే రెండు చోట్లా మన పని మొదలవుతుంది.

ఈ మాట నాకు మా పెద్దమ్మ కొడుకు ద్వారా తెలిసింది. అమెరికాలో ఉంటాడు. సెలవు రోజుల్లో పాత పిన్‌బాల్ మిషన్లు కొని గ్యారేజీలో పెట్టుకుని బాగుచేస్తాడు. ఏటవాలుగా ఉండే బల్ల, పైన అద్దం, లోపల దాదాపు 80 గ్రాముల ఉక్కు బంతి. అది కిందికి జారిపోకుండా రెండు చిన్న రెక్కలతో కొడుతూ ఉండాలి. ఆ రెక్కలు 1947లో గాట్లీబ్ కంపెనీవాళ్ళ ‘హంప్టీ డంప్టీ’ అనే మిషన్‌తో వచ్చాయి. అంతకుముందు బంతి ఎటు పోతే అటే. అందుకే దాన్ని జూదం కింద జమకట్టారు. న్యూయార్క్‌లో 1942లో నిషేధించి, పట్టుకున్న మిషన్లను సుత్తులతో పగలగొట్టించారు. ఆ నిషేధం తీసేసింది 1976లో. మా అన్నయ్య కొనేవి 1970ల చివర్లో ఎలక్ట్రానిక్ బోర్డులు రాకముందువి. వాటినిండా తీగచుట్టలు, రిలేలు, వందల కొద్దీ కాంటాక్టు రేకులు. ఒక్కొక్క రేకునీ శుభ్రం చేసి సరైన ఎడంలో వంచాలంటే నెలలు పడుతుందట.

ఒకసారి ఒక ఫోటో పంపాడు. మిషన్ వెనక నిలువుగా ఉండే అద్దం మీద బొమ్మ. ఈత దుస్తుల్లో ఒక అమ్మాయి, ముఖం దగ్గర రంగు పెచ్చులూడిపోయింది. దీన్ని మళ్ళీ గీయించాలా, వదిలేయాలా అని తమలో తాము వాదించుకుంటున్నారట. ఆ బొమ్మను ఎందుకు గీశారో, ఎవరి కళ్ళ కోసం గీశారో నాకు చెప్పక్కర్లేదు. కానీ ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. అరిగిపోయినదాన్ని తిరిగి నింపే హక్కు ఎవరిది?

మా పల్నాడులో పిన్‌బాల్ లేదు. కోటప్పకొండ తిరునాళ్ళలో రింగులు విసిరే ఆట, తుపాకీతో బుడగలు కాల్చే ఆట ఉంటాయి, అంతే. మా దగ్గర పాత యంత్రమంటే కుట్టు మిషన్. నేను కొన్న నాలుగూ అవే. ఒకటి నరసరావుపేటలో పాత ఇనప సామాన్ల కొట్లో తూకానికి పోతున్న ఉషా మిషన్, స్టాండు లేదు. ఒకటి మాచర్లలో మూతపడిన టైలరు షాపులోని తొక్కుడు మిషన్. మూడోది గురజాల వైపు ఒక ఊళ్ళో ఒక పెద్దావిడ దగ్గర కొన్న సింగర్ చేతి మిషన్. నాలుగోదాని సంగతి తర్వాత. సాహిత్యంలో డాక్టరేట్ చేసినదానికి ఇదేం పని అని అడిగినవాళ్ళున్నారు. పాత ప్రతులు వెతుక్కుంటూ తిరిగే అలవాటున్నవాళ్ళకి ఇది పెద్ద మార్పేం కాదు.

పని గురించి కాస్త చెప్పాలి. ఏళ్ళ తరబడి మూలన పడున్న మిషన్ పట్టేస్తుంది. అది తుప్పు వల్లే అనుకుంటాం కానీ చాలాసార్లు కారణం పాత నూనె. ఎండి జిగురై భాగాలను అతికించేస్తుంది. కిరోసిన్ పోసి రెండు మూడు రోజులు వదిలేయాలి. బలవంతంగా చక్రం తిప్పకూడదు. తర్వాత ప్రతి చిల్లులోనూ మిషన్ నూనె. పళ్ళ మధ్య ఏళ్ళనాటి దారపు నూగు గడ్డకట్టి చాపలా వస్తుంది. దాన్ని సూదితో లాగుతుంటే పొరలు పొరలుగా రంగులు బయటపడతాయి. పై పొర తెలుపు, కింద ఎరుపు, ఇంకా కింద ముదురు నీలం. సింగర్ ఒంటి మీది బంగారు రంగు తీగల్ని స్పిరిట్‌తో తుడవకూడదు. వాటి మీద లక్క పూత ఉంటుంది. స్పిరిట్ తగిలితే పూతా, కింద తీగలూ కరిగిపోతాయి. ఇది నాకు చెప్పింది నరసరావుపేటలో మిషన్లు రిపేరు చేసే సాయిబుగారు. చక్రం ఒక్కసారి తిప్పి చప్పుడు విని జబ్బేమిటో చెప్పగలడు.

గురజాల మిషన్ మీద అంకెల ముందు వై అనే ఇంగ్లీషు అక్షరం ఉంది. అంటే స్కాట్లండ్‌లో క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీలో 1920లు, 30లలో తయారైంది. పెద్దావిడ వాళ్ళమ్మ దాన్ని ఒక టైలరు దగ్గర పాతదే కొన్నదట. కూతురు కాపురానికి వచ్చేటప్పుడు సారెతో పాటు పంపింది. ఈవిడ దాని మీద నలభై ఏళ్ళకి పైగా రవికలు, లంగాలు, పిల్లల గౌన్లు కుట్టింది. మిరప కోతలకి పోయే ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ చొక్కాలు తొడుక్కుంటారు కదా, వాటిని చేతులు కత్తిరించి, పక్కలు బిగించి ఇచ్చేది.

మొదటి చిక్కు ధర దగ్గరే వచ్చింది. అంత మిషన్ తూకానికి వేస్తే నాలుగొందలు కూడా రావు. నేను పద్దెనిమిది వందలు ఇస్తానన్నాను. హైదరాబాదులో ఇలాంటివి అలంకారానికి కొనే హోటళ్ళవాళ్ళు, బట్టల షాపులవాళ్ళు ఇంకా ఎక్కువ పెడతారని కూడా చెప్పాను. ఆవిడ నవ్వింది. “హైదరాబాదు మా ఇంటికొచ్చి కొనిద్దా అమ్మాయ్?” అంది.

సిసిరో రెండు వేల ఏళ్ళ కిందట ఒక ప్రశ్న వేశాడు. కరువులో ఉన్న రోడ్స్ ద్వీపానికి ధాన్యం తెచ్చిన వర్తకుడికి, వెనకే మరిన్ని ఓడలు వస్తున్నాయని తెలుసు. ఆ సంగతి కొనేవాళ్ళకి చెప్పాలా, అక్కర్లేదా? సిసిరో చెప్పాలనే అంటాడు. అక్కడ తెలిసినవాడు అమ్మేవాడు. పాత సామాన్ల లోకంలో ఎక్కువగా తెలిసింది కొనేవాళ్ళకి. చెప్పేస్తే న్యాయం జరిగిపోయినట్టేనా? పెద్దావిడ నవ్వులో జవాబుంది. ధర తెలియడం వేరు, ఆ ధర వచ్చే చోటికి చేరడం వేరు. పన్నెండు కిలోల ఇనుము మోసుకుని బస్సెక్కి, భాష తెలిసినా తీరు తెలియని ఊళ్ళో షాపు షాపుకీ తిరిగి బేరమాడటం ఆ వయసు ఆడమనిషి వల్ల అయ్యే పని కాదు. నిజం చెప్పినంత మాత్రాన ఆ దూరం తగ్గదు. కాబట్టి నేను పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. మిషన్‌ని అలంకారానికి అమ్మను. కుట్టేవాళ్ళకే, ఖర్చు రాబట్టుకుని అమ్ముతాను. దూరం వల్ల వచ్చే లాభం నా చేతిలో మిగలకూడదు. ఇది పెద్ద త్యాగం కాదు, నాకు జీతం ఉంది. జీతం లేనివాళ్ళని ఇలా చెయ్యమనే హక్కు నాకు లేదు.

రెండో చిక్కు దీనికంటే లోతైనది.

చేతి మిషన్ కుట్టేటప్పుడు కుడి చెయ్యి చక్రం తిప్పుతుంది. ఎడమ చెయ్యి గుడ్డని నడుపుతుంది. ఆ ఎడమ అరచెయ్యి ఆనే చోట, బల్ల అంచున, బంగారు తీగలు పోయాయి. నల్ల రంగూ పోయింది. అరచెయ్యంత మేర ఇనుము బయటపడి, గులకరాయిలా నున్నగా తేలింది. దాన్ని మొదటిసారి తడిమినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఇంటి చాకిరికి రికార్డు ఉండదని మనం ఎన్నో వ్యాసాల్లో రాసుకున్నాం. ఇదిగో రికార్డు, ఇనుములో.

సాయిబుగారు మాత్రం రంగు వేసేద్దామన్నాడు. పూల స్టిక్కర్లు దొరుకుతాయి, కొత్తదానిలా ఉంటుంది అన్నాడు. నేను కుదరదన్నాను. తర్వాత మిషన్ తిరుగుతోందని చెప్పడానికి పెద్దావిడ దగ్గరికి వెళ్ళినప్పుడు, ఆ మచ్చని అలాగే ఉంచుతున్నానని సంతోషంగా చెప్పాను. ఆవిడ మొహం ముడుచుకుంది.

“ఆ మచ్చెందుకు తల్లీ? అది చూస్తే నా నడుం నొప్పి గుర్తొచ్చిద్ది. రంగేయించు. పూలు కూడా ఏయించు. మా అమ్మ కొన్నప్పుడు పూలుండేయి.”

నాకు చరిత్రగా కనిపించింది ఆవిడకి నడుం నొప్పి. చట్టం ప్రకారం మిషన్ నాది, డబ్బిచ్చి కొన్నాను. కానీ ఆ అరుగుదల నేను కొన్నదాంట్లోకి వస్తుందా?

మన రంగంలో పునరుద్ధరణ గురించి మాట్లాడాలంటే బెంగుళూరు నాగరత్నమ్మ పేరు రాకుండా ఉండదు. ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ అంతకుముందు అచ్చులో కొన్ని పద్యాలూ, కవయిత్రి తన వంశాన్ని చెప్పుకున్న అవతారికా లేకుండా వచ్చింది. నాగరత్నమ్మ వాటిని తిరిగి చేర్చి 1910లో అచ్చు వేయించింది. మరుసటి ఏడే ప్రభుత్వం నిషేధించింది. 1947లో ప్రకాశం పంతులు చొరవతో నిషేధం తొలగింది, 1952లో వావిళ్ళవారు మళ్ళీ వేశారు. చెరిపినదాన్ని తిరిగి రాయడమే న్యాయమని మనం నేర్చుకున్నది ఇలాంటి కథల నుంచే. అందుకే నేను రంగు వద్దన్నాను. అదంతా నాకు సహజంగా తోచిన వాదనే.

అయితే ఈ పోలిక ఒక చోట ఆగిపోతుంది. ముద్దుపళని తన వంశాన్ని తానే రాసుకుంది. అది సంతకం. మా మాచర్ల పక్కనే నాగార్జునకొండ లోయలో మహాచైత్యం కట్టించిన ఇక్ష్వాకుల ఆడపడుచు చాంతిసిరి తన పేరు స్తంభాల మీద చెక్కించుకుంది. అదీ సంతకమే. 1955లో నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన జరిగింది. లోయ మునిగిపోయే లోపు తవ్వకాలు చేసి, కొన్ని కట్టడాలను రాయి రాయీ విప్పి కొండ మీదా, అనుపు దగ్గరా తిరిగి పేర్చారు. రాళ్ళు చోటు మారినా ఆవిడ పేరు ఆవిడతోనే ఉంది. కానీ అదే రాయి మీద ఉలి దెబ్బలు వేసినవాళ్ళు? వాళ్ళు రాసింది ఏమీ లేదు. పని చేస్తుంటే పడిన గుర్తులు అవి. గురజాల పెద్దావిడ అరచేతి గుర్తు ఈ రెండో రకం. ఆవిడ దాన్ని మనకోసం రాయలేదు. సంతకాన్ని చెరిపితే అది దొంగతనం. గుర్తుని ఆ మనిషే చెరపమంటే?

‘మనకు తెలియని మన చరిత్ర’ కోసం తెలంగాణా పోరాటంలోని స్త్రీలు మాట్లాడినప్పుడు, ఏం చెప్పాలో ఏం దాచుకోవాలో వాళ్ళ చేతిలో ఉంది. ఇనుము మీది మచ్చ ఎవరినీ అడక్కుండానే సాక్ష్యం చెబుతుంది. అది మనలాంటి పరిశోధకులకి భలే సౌకర్యం. ఎదురు మాట్లాడదు కదా.

ఏలిస్ వాకర్ 1973లో రాసిన ‘ఎవ్రీడే యూజ్’ కథ చాలామంది క్లాసులో చెప్పే ఉంటారు. చదువుకున్న కూతురు డీ ఊరికొచ్చి అమ్మమ్మ చేతి బొంతల్ని గోడకి తగిలించుకోవడానికి అడుగుతుంది. అవి ఊళ్ళోనే ఉన్న చెల్లెలు మాగీకి కప్పుకోవడానికి ఇస్తానన్నవి. తల్లి మాగీకే ఇస్తుంది. క్లాసులో అందరం మాగీ పక్షమే. డీ ఎప్పుడూ వేరే ఎవరో. అరుగుదల మీద ప్రేమ ఎవరికి పుడుతుందో ఒకసారి ఆలోచించండి. అరిగిన మనిషికి కాదు. చిరుగు జీన్సు ప్యాంటు కొనుక్కునేది చిరుగుల్లో పెరిగినవాళ్ళు కాదు. కొత్తదనం, మెరుపు, పూలు కావాలనుకోవడం అభిరుచి లేకపోవడం అని మనకి ఎవరో నేర్పారు.

ఇంకో సంగతి. మెరుపు కూడా శ్రమే. క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీలో 1911 మార్చిలో పెద్ద సమ్మె జరిగింది. పది వేల మందికి పైగా పని ఆపేశారు. దాన్ని మొదలుపెట్టింది పన్నెండు మంది ఆడవాళ్ళు. మిషన్ల చెక్కపెట్టెలకి పాలిష్ పెట్టేవాళ్ళు. పనిభారం పెంచి రాబడి తగ్గించారని లేచి నిలబడ్డారు. మూడు వారాల్లో సమ్మె విరిగింది, ముందున్నవాళ్ళ ఉద్యోగాలు పోయాయి. మనం ‘పాతదనపు కళ’ అనుకుని ముచ్చటపడే ఆ మెరుపు వెనక వాళ్ళున్నారు. పెద్దావిడ చెయ్యి అరగదీసింది ఇంకో ఆడదాని పనిని. ఏ చేతి గుర్తుని నిలబెట్టాలి అనే ప్రశ్న అక్కడ మరీ చిక్కుపడుతుంది.

సింగర్ గురించి గాంధీగారి మాట ఒకటి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. యంత్రాలంటే మీకు పడదా అని 1924లో ఒక విద్యార్థి అడిగితే, కుట్టు మిషన్‌ని మినహాయించాడు. భార్య కష్టం చూడలేక ప్రేమతో సింగర్ దాన్ని కనిపెట్టాడని చెప్పాడు. కథ అందంగా ఉంది కానీ నిజం కాదు. సూది మొనకి కన్నం పెట్టి, రెండు దారాలతో ముడిపడే కుట్టుకి ఎలియాస్ హౌ 1846లోనే పేటెంటు తీసుకున్నాడు. సింగర్ 1851లో మెరుగుపరిచి పేటెంటు పొందాడు, లాభం కోసమే. ఆయన సంసారాలు ఒకటి కంటే ఎక్కువ, పిల్లలు ఇరవైకి తక్కువ లేరంటారు. వాయిదాల మీద అమ్మే పద్ధతి పెట్టింది ఆయన భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్. ప్రేమ కంటే ఆ వాయిదాలే మిషన్‌ని ఇళ్ళలోకి తెచ్చాయి. దాంతో పాటు కుట్టుపని ఇంట్లోనే, పిల్లల్ని చూసుకుంటూ, పొయ్యి మీద అన్నం చూసుకుంటూ, ముక్కకింత అని చేసే పనిగా మారింది. మన సినిమాల్లో భర్త పోయిన తల్లి మిషన్ తొక్కి కొడుకుని చదివిస్తుంది. ప్రభుత్వ పథకాల్లో ఆడవాళ్ళకి ఏదైనా ఇవ్వాలంటే మిషనే. అది ఎంతమందికి చేతిలో నాలుగు డబ్బులు పెట్టిందో నాకు తెలుసు. అవి ఎంత తక్కువ డబ్బులో కూడా తెలుసు. ఈ రెండూ పట్టుకున్నదే ఆ మచ్చ. పెద్దావిడ దాన్ని చూడలేననడంలో నాకు కనిపించింది సిగ్గు కాదు, తీర్పు. ఈ పనికి మీరు ఇచ్చిన విలువ ఇంతే, దాని గుర్తుని మీరు ముచ్చటగా చూసుకోవడం నాకిష్టం లేదు, అని.

రంగు వేయించాను.

నల్ల రంగు రెండు పూతలు, మీద పూలు. వేయించే ముందు ఆవిడని అడిగి ఫోటో తీసుకున్నాను. “మిషన్ని తీసుకో, నన్ను తియ్యమాక” అంది. ఆవిడ ఒప్పుకుని చెప్పిన సంగతులు, రవికకి ఏ ఏడు ఎంత కూలి తీసుకుందీ, బాకీ ఎగ్గొట్టిందెవరూ, ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. పేర్లు నాతోనే ఉంటాయి.

ఈ సంగతి తెలిసి స్త్రీల చరిత్ర మీద పనిచేసే నా స్నేహితురాలు చాలా కోప్పడింది. సాక్ష్యాన్ని చంపేశావంది. ఆవిడ ఒక్కత్తి ఇష్టం కోసం, రేపటి వందమంది స్త్రీలకి ఉపయోగపడే వస్తువుని పాడుచేశావు, చరిత్ర ఏ ఒక్కరిదీ కాదు అంది. ఆ వాదనలో బలం ఉంది. అందరూ తమ నొప్పి గుర్తుల్ని చెరిపేసుకుంటే మిగిలేది అధికారుల లెక్కలే. అయినా నేను ఒప్పుకోలేకపోతున్నాను. బతికి ఉన్న మనిషి ముందు నిలబడి, నీ చెయ్యి ఇకనించీ అందరిదీ అని చెప్పడానికి నాకు నోరు రాదు. ఆవిడ లేకపోయి ఉంటే, అడగడానికి ఎవరూ లేకపోతే, మచ్చని ముట్టుకునేదాన్ని కాదు. మాచర్ల టైలరు షాపు మిషన్‌ని అలాగే ఉంచాను. తొక్కుడు పలక మీద పాదాల అచ్చులు పడున్నాయి. ఆయన వాళ్ళవాళ్ళు ఎక్కడున్నారో తెలియదు. ఒకదానికి ఒక నియమం, ఇంకోదానికి ఇంకోటా అని స్నేహితురాలు దెప్పింది. అవును. మనిషి ఉండటానికీ లేకపోవడానికీ ఆ మాత్రం తేడా ఉండాలనుకుంటాను.

మా అన్నయ్యకి కూడా ఇదంతా ఫోన్లో చెప్పాను. అతని అద్దం మీది అమ్మాయికి ముఖం గీయించేశాడట. ఎవరిని చూసి గీశారని అడిగాను. ఇంకో మిషన్ అద్దం చూసి అన్నాడు. అక్కడ అడగాల్సిన మనిషి లేదు, ఆ అమ్మాయి ఎవరో ఎప్పుడూ లేదు. అందుకని ఆ ప్రశ్న అక్కడ తేలిక.

గురజాల సింగర్‌ని మాచర్లలో ఇంటి దగ్గర రవికలు కుట్టే ఒకామె కొనుక్కుంది. కరెంటు పోయినప్పుడు పనికొస్తుందని చేతి మిషన్ కావాలంది. పూలు చూసి బాగున్నాయంది. పాతదని చెప్పాను, రంగు కొత్తదనీ చెప్పాను. మొన్న ఫోన్ చేసి, పల్చటి గుడ్డ మీద కింది దారం వదులుగా పడుతోంది, ఏం చెయ్యనక్కా అని అడిగింది. షటిల్ మీది చిన్న మర కాస్త బిగించమన్నాను, గింజలో సగమంత. ఈ మిషన్‌కి గుండ్రటి బాబిన్ పట్టదు, సన్నటి పొడుగు బాబిన్ కావాలి. అవి బజార్లో దొరకడం కష్టం. నా దగ్గర మూడున్నాయి. రెండు మాచర్ల బస్సు కండక్టరు చేతికిచ్చి పంపాను. మూడోది నాలుగో మిషన్ కోసం అట్టిపెట్టాను. దానికి షటిలే లేదు, ఇంకా వెతుకుతున్నాను.